నీ పాము ఇంకా తినలేదు

కాలువ వీధి
12 జనవరి 1993

తమ్ముడు లామెర్ట్‌కి,

నీ తుంటి ఎలా ఉంది? అసెన్‌లో ఆ కోలుకునే ఆసుపత్రిలో దుప్పట్లు పలచగా ఉంటాయని పక్కింటి బెరెంట్ అన్నాడు. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్ చేద్దామంటే నీకు సగం వినపడదు, వినపడని సగానికి కూడా "సరే సరే" అనేస్తావు. అందుకే రాస్తున్నాను. నా చదువు సంగతి నీకు తెలిసిందే, తప్పులుంటే నవ్వుకుని ఊరుకో.

నీ పాము వచ్చింది. నీ అల్లుడు దుప్పటి చుట్టి ఆ గాజుపెట్టెను పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. కాఫీ ఇచ్చాను. సగం సాసర్లోనే పోశాను. "మామయ్య ఈ పాముకి బదులు ఓ రేడియో కొనుక్కుని ఉంటే ఎంత బాగుండేది అత్తా" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. మరదలు గ్రీట పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందన్నావు, సరే. నిశ్శబ్దానికి మందుగా ఎవరైనా పామును తెచ్చుకుంటారా? డెబ్బై ఏళ్ళు దాటిన మనిషివి. అది తెచ్చుకున్న వారానికే మెట్లమీంచి పడ్డావు.

అయినా నా ఇంటికొచ్చినవాణ్ణి నేను సరిగ్గా చూసుకోకుండా ఉండను. ఇంట్లో అన్నిటికన్నా మంచి చోట, వెచ్చగా ఉండేచోట పెట్టాను. నువ్వు చెప్పినట్టే పైన బల్బు వెలుగుతోంది. ఆ గడ్డకట్టిన ఎలుకలని ఫ్రీజర్‌లో బఠాణీల పక్కన, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూతమీద "తినకూడదు" అని రాశాను. ఎవరికోసం రాశానో తెలియదు, ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే.

నీవాడు చక్కగా బంతిలా చుట్టుకుని, తల లోపల దాచుకుని హాయిగా పడుకున్నాడు. ఎంత బుద్ధిమంతుడో. పేరేమిటి? ఎప్పుడు పెట్టాలి తిండి? నీళ్ళు మారుస్తుంటే కరవడు కదా?

కాళ్ళకి మేజోళ్ళు వేసుకునే పడుకో.

నీ అక్క
రూల్ఫీన్

——

అసెన్
16 జనవరి

అక్కా,

దుప్పట్లు మందంగానే ఉన్నాయి. బెరెంట్ ఎప్పుడైనా నిజం చెప్పాడా? పడుకో.

వాడికింకా పేరు లేదు. నా దగ్గర ఉన్నప్పుడు ఏమీ తినలేదు. తిన్నాక పెడదామనుకున్నాను. వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టావన్నమాట, మంచి పని చేశావు. కానీ ఒక సంగతి. ఆ జాతి చిన్న కొండచిలువలు బంతిలా చుట్టుకునేది హాయిగా ఉన్నప్పుడు కాదు, భయపడ్డప్పుడు. ఎవరో వాణ్ణి భయపెడుతున్నారు. ఎవరో కనుక్కో.

ఎలుకని ఫ్రీజర్‌లోంచి తీసి కరగనిచ్చి, వేడినీళ్ళలో ముంచి వెచ్చబెట్టు. పటకారుతో తోక పట్టుకుని ముందు కొంచెం ఊపు. వారానికి ఒకసారి చాలు. కరవడు. కరిచినా పిల్లి గీరినంతే.

ఇక్కడి సంగతి నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. అన్నెకె ఆ వృద్ధాశ్రమం కాగితాలు పట్టుకుని వచ్చింది. వంతెన ఇంట్లో ఒక్కడివీ ఉండలేవు నాన్నా అంటుంది. ఆశ్రమంలో జంతువుల్ని పెట్టుకోనివ్వరు. ఇద్దరం అరుచుకున్నాం, నర్సు వచ్చి తలుపు వేసింది. చివరికి ఒక మాట మీదికి వచ్చాం. వసంతం వచ్చేసరికి పాము బతికి ఉంటే నేను వంతెన ఇంటికే పోతాను, ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తదు. పాము చస్తే సంతకం పెడతాను. పాముని కూడా చూసుకోలేనివాణ్ణి నన్ను నేనేం చూసుకుంటాను, అంది. మాటకి మాట అప్పజెప్పడంలో వాళ్ళమ్మే.

కాబట్టి అక్కా, వాడు తినాలి.

లామెర్ట్

——

కాలువ వీధి
21 జనవరి

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఒక పూట ఏడిచాను. భయపెడుతున్నది ఎవరో కనుక్కో అన్నావు. ఈ ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? నేను వాడికంటే ఎక్కువ భయపడుతున్నాను, ఆ సంగతి నీకు తోచలేదా? నీళ్ళగిన్నె మార్చాలంటే మీ బావ హార్మ్ పాత తోలు చేతితొడుగులు వేసుకుంటున్నాను.

తర్వాత ఆలోచిస్తే పిల్లి గుర్తొచ్చింది. పెట్టె ముందు కూర్చుని గంటలకొద్దీ చూస్తుంది. దాన్ని పక్కింటి ఫెన్నాకి ఇచ్చేశాను. పన్నెండేళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకున్న పిల్లి. ఫెన్నా "కొన్నాళ్ళకే కదా" అంటోంది, దానికి అప్పుడే హెర్రింగ్ చేప పెట్టేస్తోంది, ఇంక తిరిగొస్తుందా?

ఎలుకని నువ్వు చెప్పినట్టే చేశాను. కళ్ళు మూసుకుని తోక పట్టుకుని ఊపాను. నీవాడు తల ఇంకా లోపలికి పెట్టుకున్నాడు. ఒక గంట ఊపాను. నా చెయ్యి పడిపోయింది. ఎలుక నచ్చలేదేమోనని కాస్త కాలేయం పెట్టాను, హామ్ ముక్క పెట్టాను. ఆఖరికి అమ్మ చేసినట్టు మజ్జిగ జావ కాచి చిన్న గిన్నెలో పెట్టాను. జ్వరం వచ్చినప్పుడు నువ్వు అదొక్కటే తాగేవాడివి.

వాడికి కాలక్షేపానికేం లోటు లేదు. ఊరంతా వచ్చి చూస్తున్నారు. పోస్టుమాన్, పాస్టరుగారు, బడినుంచి వచ్చేవాళ్ళు, అందరూ. బెరెంట్ అయితే రోజుకి రెండుసార్లు. హార్మ్ పోయినప్పటినుంచి ఇంతమంది నన్ను పలకరించింది లేదు. బంగాళదుంపలు చెక్కుకుంటుంటే కూడా ఎవరో ఒకరు చెయ్యి ఊపుతారు.

నువ్వు సరిగ్గా తింటున్నావా? అన్నెకె చిక్కిపోయావంది.

రూల్ఫీన్

——

అసెన్
25 జనవరి

అక్కా,

పాముకి మజ్జిగ జావ! ఆ వాక్యం నేను గట్టిగా చదివితే పక్కమంచం ముసలాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఇక్కడ ఇప్పుడు నువ్వు పేరున్న మనిషివి.

నిన్ను అనలేదు. నేనేమైనా అంటే నీమీదే వేసుకోవడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటు. పిల్లే అయ్యుంటుంది. పిల్లి పోయింది కాబట్టి ఇప్పుడు తింటాడు, చూడు. జావ మాత్రం మానెయ్.

నేను బానే ఉన్నాను. కర్రతో వరండా చివరిదాకా నడుస్తున్నాను. తిండి అంటావా, ఇక్కడ అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి తినిపిస్తారు. బంగాళదుంపలు బూడిద రంగులో ఉంటాయి. ఒక అమ్మాయి చేతిలో కాగితం పట్టుకుని ఎవరు ఎంత తిన్నారో చూస్తూ తిరుగుతుంది. నాకు ముద్ద దిగదు. దాని సంగతి వదిలెయ్, నువ్వు "నీవాడు, నీవాడు" అనే ఆ పెద్దమనిషి సంగతి చూడు.

లామెర్ట్

——

కాలువ వీధి
3 ఫిబ్రవరి

తమ్ముడికి,

నీ పాము ఇంకా తినలేదు. పిల్లి వెళ్ళినా తినలేదు. ఒంటిమీద చర్మం ముడతలు పడుతోంది, వెన్నెముక తెలుస్తోంది. పశువుల డాక్టర్ని పిలిపిస్తే ఆయన పెట్టె వంక చూసి, "అమ్మా, నేను ఆవుల డాక్టర్ని" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నేను పొద్దున్నుంచి సాయంత్రందాకా వాడి ఎదురుగానే అల్లిక పట్టుకుని కూర్చుంటున్నాను. ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూస్తాను. కదలకపోతే అద్దంమీద వేలితో కొడతాను. తల కదిపితే ప్రాణం లేచొస్తుంది. రాత్రి మధ్యలో లేచి వచ్చి టార్చిలైటు వేసి చూస్తాను. నేను కాపలా లేని క్షణం లేదు, అయినా తినడు.

అన్నెకె వచ్చింది. ఆమె ఏమందో నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ కడుపులో దాచుకుంటే నాకు అరగదు. కోటు కూడా విప్పకుండా పెట్టె ముందు చాలాసేపు నిలబడి, మెల్లిగా అంది, "అత్తా, నువ్వు మరీ అంత కష్టపడకు. తినకపోతే తినడు. కొన్ని బతకవు."

"అంటే ఏమిటే నీ ఉద్దేశం?" అన్నాను.

"నాన్నని మెట్ల కింద చూసింది నువ్వు కాదు, నేను. ఒక రాత్రంతా ఆ చల్లటి నేలమీద పడి ఉన్నాడు. నాకింకా కలలో వస్తాడు" అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం, నేను సూప్ పెట్టాను.

లామెర్ట్, పిల్ల చెడ్డది కాదు. ఆ మెట్లు నాకూ భయమే. నిలువుగా నిచ్చెనలా ఉంటాయి. ఆమె వెళ్ళాక నాకు కూడా అనిపించింది, ఈ ఎలుకని కరిగించకుండా డబ్బాలోనే ఉంచితే అన్నీ సర్దుకుంటాయి కదా అని. నువ్వు వెచ్చగా, నలుగురి మధ్య, గంట కొడితే నర్సు వచ్చేచోట ఉంటావు. అనిపించింది, అంతే. తర్వాత వెళ్ళి ఎలుకని వేడినీళ్ళలో వేశాను. వాడు నన్ను నమ్మి నా ఇంట్లో ఉన్నాడు. నువ్వూ నమ్మే పంపావు.

తినలేదులే.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక ఊరు ఊరంతా మన కిటికీకి ముక్కులు ఆనించి నిలబడింది, అద్దం తుడవలేక చచ్చాను. ఫెన్నా మా పిల్లిని చంకనేసుకుని మరీ వచ్చింది చూపించడానికి.

ఏం చెయ్యను, చెప్పు.

రూల్ఫీన్

——

అసెన్
6 ఫిబ్రవరి

అక్కా,

కిటికీనా? ఏ కిటికీ? వాణ్ణి ముందుగది కిటికీలో పెట్టావా?

వంటింట్లో ఉన్నాడనుకుని ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాను. రోడ్డుమీదికి, కాలువమీదికి, సైకిళ్ళ దీపాలకి, బెరెంట్ మొహానికి ఎదురుగా పెట్టావు! ఇటునుంచి వాళ్ళు, అటునుంచి నువ్వు.

కోప్పడటం లేదు. నువ్వు ఇంట్లో మంచి వస్తువేదైనా కిటికీలోనే పెడతావు, మనందరం అంతే. ఇది విను. పడవలు వచ్చినప్పుడల్లా వంతెన ఎత్తుతూ, దించుతూ ముప్ఫై ఎనిమిదేళ్ళు దానిమీద ఆ గాజుగదిలో కూర్చున్నాను. నాలుగువైపులా అద్దాలు, ప్రతి పడవవాడూ చూసేవాడే, ప్రతి లారీవాడూ చూసేవాడే. గ్రీట రొట్టె కట్టి ఇచ్చేది. అక్కడ కూర్చుని ఒక్కరోజు కూడా తినలేదు నేను. కిందకి దిగి, ఇంజను గదిలో చీకట్లో, గ్రీజు డబ్బామీద కూర్చుని తినేవాణ్ణి. ఎందుకని గ్రీట అడిగేది. మింగుతున్నప్పుడు ఎవరూ చూడకూడదు, అంతే.

తెరలు వెయ్యి. పెట్టెలో వాడి ముందు ఎలుకని పెట్టి, గది తలుపు మూసి, నువ్వు కూడా బయటికి వెళ్ళిపో. నువ్వు కూడా, అక్కా. టార్చిలైటు నాకు పోస్టులో పంపెయ్.

లామెర్ట్

——

కాలువ వీధి
9 ఫిబ్రవరి

తమ్ముడికి,

తెరలు వెయ్యమని సులువుగా రాశావు. పట్టపగలు ముందుగది తెరలు వేస్తే ఊరేమనుకుంటుంది? రాత్రిపూట కూడా వేసుకోని వీధి మనది. అమ్మ పోయినప్పుడు వేశాం, హార్మ్ పోయినప్పుడు వేశాను. ఆ తర్వాత వాటిని ఉతకడానికే ముట్టుకున్నాను. మన ఇంట్లో దాచుకోవలసిందేముంది అని అమ్మ ఎప్పుడూ అనేది.

వేరే దారులన్నీ చూశాను. వెనక గదిలోకి మార్చాలంటే అక్కడ ఐసు, కొత్తగా వచ్చినవాణ్ణి ఊరికే చోటు మార్చకూడదని పాముతోబాటు నువ్వు పంపిన పుస్తకంలోనే ఉంది. పెట్టెమీద తువ్వాలు కప్పితే బల్బుకి తగిలి కమురు వాసన వచ్చింది. ఇల్లు తగలబడేది. కిటికీకి వార్తాపత్రికలు అంటిద్దామంటే ఫెన్నా లోపల రంగులేస్తున్నామనుకుని చూడటానికి వస్తుంది.

తెరకంటే కష్టమైనది రెండోది. చూడకుండా ఉండమన్నావు. నేను చూడకుండా ఉన్నప్పుడే అన్నీ జరిగాయి, లామెర్ట్. హార్మ్ నేను పాలకి వెళ్ళినప్పుడు పోయాడు. నువ్వు పడ్డ రాత్రి నాకు ఎందుకో తోచింది నీకు ఫోన్ చేద్దామని, ఆలస్యమైందని మానేశాను. చూస్తూ ఉంటే ఏమీ కాదని నాకొక నమ్మకం. తప్పే అయ్యుండొచ్చు.

ఆలోచించుకోనీ.

రూల్ఫీన్

——

కాలువ వీధి
15 ఫిబ్రవరి

తమ్ముడికి,

నువ్వు కూర్చునే చదువు.

శనివారం సాయంత్రం నాలుగింటికి తెరలు వేశాను. ఎలుకని వెచ్చబెట్టి పెట్టెలో పెట్టాను. తలుపు మూసి వంటింట్లో కూర్చున్నాను, చేతులు తొడలకింద పెట్టుకుని, లేవకుండా.

అరగంట కాలేదు, వెనక తలుపు తెరుచుకుంది. ఫెన్నా, నల్లకోటులో. వెనక బెరెంట్, చావులకి పెట్టుకునే ఆ టోపీతో. ఫెన్నా వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడే, రూల్ఫీన్?"

"నాలుగింటికి" అన్నాను. ఆ దడలో నాకు ఇంకేం తోచలేదు.

"ముందుగదిలోనేనా?" అన్నాడు బెరెంట్.

"అక్కడే. తలుపు మాత్రం తీయకండి."

బెరెంట్ టోపీ తీశాడు. ఫెన్నా నా కెటిల్ అందుకుని కాఫీ పెట్టడం మొదలెట్టింది, నా వంటింట్లో, నేను చూస్తుండగా! అంతలో ఎదురింటివాళ్ళు, ఆ పక్కవాళ్ళు, ఒక్కొక్కరే వెనక తలుపునుంచి. అందరూ చెయ్యి పట్టుకుని నొక్కుతున్నారు. రొట్టెలవాడు కేకులు బుట్టతో సహా పంపాడు. గంట ఎన్నింటికి మోగించాలి అని చర్చివాడు అడిగాడు. వంటింట్లో నిలబడటానికి చోటు లేదు, అందరూ గుసగుసల్లోనే మాట్లాడుతున్నారు.

అప్పుడు ఫెన్నా కళ్ళు తుడుచుకుని అంది, "లామెర్ట్ మంచివాడే. వంతెన ఎత్తడానికి యుగాలు పట్టేది గానీ మనిషి మంచివాడు."

లామెర్ట్, నాకంటే ముందు వీళ్ళకి ఆసుపత్రినుంచి కబురొచ్చిందనుకున్నాను. ఫెన్నా చెయ్యి పట్టుకుని, "మా తమ్ముడికేమైంది? నాకెవరూ చెప్పలేదేం?" అని అరిచాను.

"మాకెలా తెలుస్తుంది? తెరలు వేసింది నువ్వు కదే!" అంది ఫెన్నా.

"అది పాముకే!"

"పాము చచ్చిందా?" అన్నాడు బెరెంట్.

"చావలేదు, తింటాడేమోనని! మీరంతా చూస్తుంటే మింగుడు పడట్లేదని!"

చర్చివాడు దగ్గాడు. తర్వాత ఎదురింటావిడకి నవ్వొచ్చింది, ఆపుకోబోయి మరీ పెద్దగా వచ్చింది. దాంతో అందరూ పడి పడి నవ్వారు. నేను మాత్రం ఏడుస్తూనే ఉన్నాను, నువ్వు బతికే ఉన్నావని.

బెరెంటే తలుపు కొంచెం తీసి, చీకట్లోకి తల పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, చర్చిలో మాట్లాడినట్టు మెల్లిగా అన్నాడు, "ఎలుక లేదు. పొట్టలో ఉబ్బుంది."

తిన్నాడు, తమ్ముడూ. మేమంతా ఇవతల నీ చావుకి కాఫీ పెట్టుకుంటుంటే, వాడు అవతల ఒక్కడే కూర్చుని తిన్నాడు.

ఆ కేకులు అందరం తినేశాం. పెద్దపెద్ద ముక్కలు. బెరెంట్ వెళ్ళేటప్పుడు సిగ్గుపడి, "ఇకనుంచి నేను కాలువ అవతలి గట్టున నడుస్తాలే" అన్నాడు.

నీ అక్క
రూల్ఫీన్

——

అసెన్
18 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరంకంటే ముందే వంతెన ఆఫీసునుంచి పూలగుత్తి వచ్చింది, నల్ల రిబ్బనుతో. నర్సు దాన్ని దాచెయ్యబోతే నేనే నా బల్లమీద పెట్టించుకున్నాను. పూలు బాగున్నాయి. బతికుండగా వాళ్ళు నాకెప్పుడూ పంపలేదు.

తిన్నాడు! నేను ఈ హాల్లో అందరికీ చెప్పాను. ఆ కాగితం పట్టుకు తిరిగే అమ్మాయిని పిలిచి, ఇకమీదట నా భోజనం గదిలో పెట్టి తలుపు వేసి పొమ్మన్నాను. ఆ పూట పళ్ళెం ఖాళీగానే వెళ్ళింది. పాముకి చెల్లిన న్యాయం నాకు చెల్లదా?

అన్నెకె వచ్చింది. తిన్నాక ఇక బతుకుతాడు, వసంతందాకా ఆగడమెందుకని, మాట ఇచ్చింది కాబట్టి కాగితాలు చింపేసింది, నా ఎదురుగానే. గట్టిది. కానీ వెళ్ళేటప్పుడు మెట్లదగ్గర రెండోపక్క కూడా పట్టుకోవడానికి కర్ర పెట్టిస్తానంది. నేను గెలిచాను, కానీ గెలిచినట్టు లేదు. ఇక్కడ కసరత్తు చేయించేవాడు నాతో మెట్లు ఎక్కిస్తున్నాడు. నాలుగో మెట్టు దగ్గర కాలు నా మాట వినడంలేదు. ఈ సంగతి అన్నెకెకి చెప్పకు.

మార్చి మొదట్లో పంపించేస్తారు. దారిలో నీ ఇంటిదగ్గర ఆగి, వాణ్ణి తీసుకుని వంతెన ఇంటికి పోతాను. నీ దగ్గర ఉండమంటావేమో, ముందే చెబుతున్నా, ఉండను. ఒకరిమీద పడి తినే మనిషిని కాను. ఇన్నాళ్ళూ పామునే మోశావు, చాలు.

లామెర్ట్

——

కాలువ వీధి
22 ఫిబ్రవరి

తమ్ముడికి,

నిన్ను ఉండమనను. నేనెందుకంటాను? నీ ఇష్టం, నీ ఇల్లు.

కానీ పాము రాదు.

నువ్విచ్చిన పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదివాను, కళ్ళద్దాలు మార్చుకుని. ఇల్లు మారితే వాడు మళ్ళీ తిండి మానేస్తాడట. ఒక్కోసారి నెలలకొద్దీ. ఈసారి మానేస్తే బతకడు, ఆ ఒంటికి అంత శక్తి లేదు. మొన్న శనివారం రెండో ఎలుకని కూడా తిన్నాడు, తెర వేసి, నేను వంటింట్లో ఉండగా. ఊరివాళ్ళు ఇప్పుడు తెర వేసి ఉంటే కాళ్ళ చప్పుడు కూడా చెయ్యరు. ఇంత కష్టపడి అలవాటు పడ్డ చోటునుంచి వాణ్ణి లాగి, ఎవరో గెలిచానన్న పంతానికి, ఆ చల్లటి వంతెన ఇంటికి పంపమంటావా? నేను పంపను. వాడి ప్రాణం నా చేతిలో పెట్టింది నువ్వే.

కాబట్టి నీ పాము కావాలంటే వాడున్నచోటికి నువ్వే రావాలి. నీకోసం కాదు. వాడికోసం.

వెనక గదిలో నిన్న గది వెచ్చబెట్టే స్టవ్ పెట్టించాను, బెరెంటూ ఎదురింటాయనా పట్టారు. అన్నెకె వచ్చి మంచం వేసి దుప్పట్లు పరిచింది, ఒక్కమాట అనకుండా, మధ్యమధ్యలో ముక్కు చీదుతూ. మెట్లు లేవు, గడప కూడా చెక్కించి నున్నగా చేయించాను. వాడికి శనివారం తిండి. పటకారు నువ్వే పట్టుకుందువుగాని, నాకు చెయ్యి పడిపోతోంది.

ఇంకో సంగతి, ముందే చెబుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళని కొన్నాళ్ళు ఎవరూ కదిలించకూడదు, పలకరించకూడదు, తిన్నావా లేదా అని చూడకూడదు, పుస్తకంలో ఉంది. నేను నీ తలుపు తట్టను. పళ్ళెం బల్లమీద పెట్టి వెళ్ళిపోతాను. ఎలా ఉంటానో నాకు తెలియదు గానీ, చూడకుండా ఉంటాను.

మేజోళ్ళు వేసుకునే రా.

నీ అక్క
రూల్ఫీన్